గేట్లు లేని సాగర్

వానాకాలం వచ్చిందంటే మిర్యాలగూడ, కోదాడ రైతుల నోట ఒక అంకె నానుతుంటుంది: 590. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం అన్ని అడుగులు. ఎడమ కాలువ కింద నారు పోయాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా అన్నది ఆ మట్టం చూసే తేల్చుకుంటారు. నిండాక పైనుంచి వరద ఆగకపోతే 26 గేట్లున్నాయి, ఎత్తేస్తారు. పాట రికార్డు చేసే ఆడియో ఇంటర్‌ఫేస్ మీద వెలిగే ఆకుపచ్చ, పసుపు, ఎర్ర దీపాలు చెప్పేదీ మట్టం సంగతే. కాకపోతే ఆ సాగరానికి గేట్లు లేవు.

ఒకప్పుడు ఈ పని ముల్లు చేసేది. రేడియో లైన్లలో ధ్వని బలాన్ని అందరూ ఒకే తీరుగా కొలవాలని 1939లో అమెరికాలో బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి వీయూ మీటరును ఖరారు చేశాయి. దాని ముల్లు సున్నాను చేరడానికి 300 మిల్లీసెకన్లు పడుతుంది. మాటకు, పాటకు ఆ నిదానం బాగానే కుదిరింది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద, లింగమంతుల స్వామి జాతరలో మోగే డప్పును దాని ముందు పెట్టి చూడండి. పుల్ల తోలును తాకిన తొలి దెబ్బ కొద్ది మిల్లీసెకన్లలోనే అయిపోతుంది. ముల్లు లేచేసరికి దెబ్బ దాటిపోయి ఉంటుంది. టేపు రోజుల్లో అదేమంత నష్టం కాలేదు. సున్నా దాటినా టేపు కొంత ఓర్చుకునేది, అలను మెల్లగా నొక్కేది.

అంకెలకు ఆ ఓర్పు లేదు. డిజిటల్ మీటరులో సున్నా అంటే రాయగలిగిన ఆఖరి అంకె. అంతకు మించిన అల తల తెగి చదునైపోతుంది. మన సౌండువాళ్లు ‘క్లిప్ అయింది’ అనేది దీన్నే. తర్వాత గెయిన్ ఎంత తగ్గించినా తెగిన తల తిరిగి రాదు. అందుకే డప్పు ఎంత గట్టిగా కొట్టినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా పెట్టుకోవడం మేలు. ధ్వని పలచబడుతుందన్న భయం అక్కర్లేదు. ఒక్కో బిట్టుకు 6 డెసిబెల్స్ చొప్పున పోయేది రెండు బిట్లు. 24 బిట్ల రికార్డింగులో ఇంకా 22 మిగులుతాయి, సీడీలో ఉండేవి 16 మాత్రమే.

ఎంత అన్నది మట్టం చెబుతుంది, ఎప్పుడు అన్నది క్లాక్ చెబుతుంది. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తుంది. ఈ వింత అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. తొలినాళ్ల డిజిటల్ ధ్వనిని వీడియో టేపు మీదే దాచేవారు. గీతకు 3 కొలతల చొప్పున 245 గీతలు, సెకనుకు 60 సార్లు: గుణించి చూడండి. సినిమా, వీడియో పనికి 48,000 స్థిరపడింది. 48,000తో తీసిన 5 నిమిషాల పాటను 44,100 లెక్కన వాయిస్తే సుమారు 5 నిమిషాల 27 సెకన్లు సాగుతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం దిగిపోతుంది.

అసలు తిప్పలు రెండు డిజిటల్ పెట్టెలను కలిపినప్పుడు మొదలవుతాయి. ఒక్కోదానికి ఒక్కో క్వార్ట్జ్ స్ఫటికం. రెండూ 48,000 అనే చెబుతాయి. వాటి మధ్య పది లక్షలకు 20 వంతుల తేడా ఉందంటే, సెకనుకు దాదాపు ఒక కొలత ఎక్కువో తక్కువో అవుతుంది. అదే పాట మధ్యలో ‘టిక్’మని వినిపించే చప్పుడు. మైకు మార్చినా, వైరు మార్చినా అది పోదు. డప్పు మేళంలో దరువు ఎత్తేది ఒక్కరే, మిగతావాళ్లు ఆ దెబ్బనే అందుకుంటారు. ఇక్కడా అంతే: ఒక పెట్టెకు ‘ఇంటర్నల్’ క్లాక్, రెండోదానికి ‘ఎక్స్‌టర్నల్’. చాలా పరికరాల్లో లయ కుదిరేదాకా సింక్ దీపం మిణుకుతూనే ఉంటుంది, కుదిరాక నిలకడగా వెలుగుతుంది.

జాతర పాటలు, ఊరి దరువులు పదిలపరుస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పెద్దగట్టు జాతర మళ్లీ రావాలంటే రెండేళ్లు ఆగాలి. రికార్డు బటన్ నొక్కేముందు సింక్ దీపం నిలిచిందో లేదో చూడండి. డప్పు కళాకారుణ్ణి ఒక్కసారి తన పూర్తి బలంతో కొట్టమని అడిగి, అప్పుడే గెయిన్ పెట్టండి.