శుక్లం ఆపరేషన్‌లో నీళ్ల లెక్క

పిల్లలూ, మనలో చాలామంది అమ్మమ్మ తాతయ్యలను చూసేది ఎండాకాలం సెలవుల్లోనే. నిరుడు మన ముఖం పోల్చుకోవడానికి దగ్గరికి లాక్కున్న అమ్మమ్మ ఈసారి గుమ్మంలోంచే "ఎంత చిక్కిపోయావురా!" అందంటే, మధ్యలో శుక్లం ఆపరేషన్ అయి ఉంటుంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. ఎలా చేశారని అడిగితే అమ్మమ్మ చెప్పింది మూడే ముక్కలు. నొప్పి లేదు. చల్లటి నీళ్లు చెంప మీదుగా చెవిలోకి కారుతూనే ఉన్నాయి. మిషను మాత్రం ఒకసారి బొంగురుగా, ఒకసారి కీచుగా కూస్తూనే ఉంది. కంటి ఆపరేషన్‌కు అన్ని నీళ్లెందుకు? ఆ కూత ఏమిటి?

కంటిపాప వెనక, నొక్కిన బఠాణీ గింజంత కటకం ఉంటుంది. దానికి పారదర్శకమైన ఒక పలచని సంచి. కటకం మసకబారితే శుక్లం అంటాం. డాక్టరు సంచి ముందువైపు గుండ్రంగా తెరిచి, లోపలి మసక పదార్థాన్ని తీసి, అదే సంచిలో కొత్త ప్లాస్టిక్ కటకం పెడతారు. కాబట్టి సంచి మిగలాలి. దాని వెనక గోడ మందం సుమారు 4 మైక్రాన్లు. మన వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. అది చిరిగితే వెనకున్న జెల్లీలాంటి పదార్థం ముందుకు తోసుకొస్తుంది, కొత్త కటకానికి ఆధారం పోతుంది. ఆపరేషన్ అంతా ఈ గోడను కాపాడుకుంటూనే సాగాలి.

న్యూయార్క్ డాక్టరు చార్లెస్ కెల్మన్ దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్నప్పుడు, పళ్లను శుభ్రం చేసే అతిధ్వని పరికరాన్ని చూసి, కటకాన్నీ ఇలాగే లోపలే ముక్కలు చేయవచ్చు కదా అనుకున్నారు. 1967లో ఆ పద్ధతిని మొదటిసారి రోగికి వాడారు. అదే నేటి 'ఫేకో'. సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పున్న బోలు సూది సెకనుకు దాదాపు 40 వేలసార్లు అదురుతుంది. సూది చుట్టూ ఉన్న మెత్తటి తొడుగులోంచి నీరు కంట్లోకి వెళ్తుంది. సూది బోలులోంచి నీరు, కటకం తునకలు కలిసి బయటికి వస్తాయి. ఇది కుళాయి నీరు కాదు, లవణాలు కంటికి సరిపడేలా కలిపిన శుద్ధమైన ద్రవం.

ఇప్పుడు లెక్క చూద్దాం. కంటి ముందు గదిలో పట్టేది సుమారు పావు మిల్లీలీటరు. మిషను నిమిషానికి 30 మిల్లీలీటర్లు లాగుతోందనుకుంటే, సెకనుకు అర మిల్లీలీటరు. అంటే గదిలోని ద్రవమంతా సెకనుకు రెండుసార్లు మారిపోతోంది! లోపలికి వచ్చే గొట్టం మడతపడినా, బాటిల్ ఖాళీ అయినా అర సెకనులో గది కుంగిపోతుంది. అందుకే ఒకరు బాటిల్ మీద కన్నేసి ఉంచుతారు.

బాటిల్‌ను ఎత్తున కట్టేదెందుకో క్వార్టర్స్‌లో పెరిగిన మనకు వేరే చెప్పక్కర్లేదు. ట్యాంకు నెత్తిమీదే ఉన్న పై అంతస్తులో కుళాయి సన్నగా వస్తుంది, కింది ఇంట్లో జోరుగా వస్తుంది. కంటికి మీటరు ఎత్తున బాటిల్ ఉంటే, నీరు కదలనప్పుడు పీడనం 73 పాదరస మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. మామూలు కంటిలో ఉండేది 10 నుంచి 21. నీరు బయటికి పోతున్నకొద్దీ అది తగ్గుతుంది. బాటిల్ మరీ ఎత్తయితే కంటికి భారం, మరీ కిందైతే గది నిలవదు.

అసలు చిక్కు అడ్డంకితో వస్తుంది. కొబ్బరిబోండం తాగేటప్పుడు స్ట్రాకు లేత కొబ్బరి అడ్డుపడితే ఏం చేస్తాం? ఇంకా గట్టిగా పీలుస్తాం. బుగ్గలు లోపలికి పోతాయి, స్ట్రా నొక్కుకుపోతుంది. ముక్క జారిన క్షణాన నీళ్లన్నీ ఒక్కసారిగా గొంతులోకి దూకి పొలమారుతుంది. కంట్లోనూ అంతే. కటకం ముక్క సూది మొనకు అంటుకుంటే ప్రవాహం ఆగి, గొట్టంలో పీల్పు పెరుగుతుంది. నిజానికి ఈ అడ్డంకి డాక్టరుకు కావాలి కూడా, ముక్కను పట్టి ఉంచేది అదే కదా. పీల్పు పెరిగేకొద్దీ చాలా మిషన్ల కూత కీచుగా మారుతుంది. డాక్టరు కళ్లు మైక్రోస్కోపులో ఉంటే, చెవులు ఆ కూత మీద ఉంటాయి. ముక్క చితికి లోపలికి జారగానే, అప్పటిదాకా నొక్కుకుపోయిన గొట్టం గోడలు తిరిగి విచ్చుకుంటూ కంట్లోని ద్రవాన్ని గుటుక్కున లాగేస్తాయి. గది కుంగుతుంది. ఆ వెనక గోడ పైకి లేచి సూది మొన దగ్గరికి వస్తుంది. డాక్టర్లు దీన్ని 'సర్జ్' అంటారు.

గొట్టాన్ని గట్టి గోడలతో, సన్నగా చేయడం దీనికి ఒక విరుగుడు. నొక్కుకుపోనిది ఎగసిపడదు. కొన్ని సూదుల పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, మొన మూసుకున్నా ప్రవాహం పూర్తిగా ఆగదు. అన్నిటికన్నా మాకు నచ్చింది డాక్టర్ల అలవాటు. చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి పీల్పు తగ్గించేస్తారు. అప్పటిదాకా వెనక గోడకు అడ్డుగా ఉన్న ముక్కలు ఇక లేవు మరి. ఆపరేషన్‌కు ముందే సూది మొనకు చిన్న రబ్బరు టోపీ తొడిగి, నీరు నింపి, గొట్టాన్ని నొక్కి వదిలి చూస్తారు. టోపీ చప్పున కుంగితే మిషను సెట్టింగులు సరిచేస్తారు.

అడ్డంకి వల్ల ఇంకో ప్రమాదం వేడి. అంత వేగంగా అదిరే సూదిని చల్లబరిచేది ఆ నీటి ప్రవాహమే. అది ఆగిపోయి సూది అదురుతూనే ఉంటే కోత అంచులు కాలతాయి. కంట్లో ముందుగా నింపే చిక్కటి జెల్లీ కూడా సూదికి అడ్డుపడగలదు. అందుకే ముందు కాస్త జెల్లీని పీల్చి, నీటికి దారి ఏర్పడ్డాకే సూదిని అదిలిస్తారు. కాలి కింది పెడల్ కూడా ఈ వరుసలోనే ఉంటుంది. కొద్దిగా నొక్కితే నీరు, ఇంకాస్త నొక్కితే పీల్పు, పూర్తిగా నొక్కితే అతిధ్వని.

మన దేశంలో ఈ మిషను లేకుండా, చిన్న కోతతో చేతితోనే చేసే ఆపరేషన్లూ చాలా జరుగుతాయి. అక్కడ సన్నటి జంటగొట్టం ఒకదాంట్లోంచి నీరు వస్తుంది, రెండోదాంట్లోంచి డాక్టరు సిరంజితో పీలుస్తారు. పంపు పని చేతివేళ్లదే.

ఇక చెంప మీద కారిన నీళ్లు. కోత అంచుల నుంచి కొంత ఊరుతుంది, కన్ను ఎండకుండా పైనుంచి పోసేది కొంత. ఇదంతా అమ్మమ్మకు చెప్పాం. అంతా విని, "మధ్యలో కూత గప్‌చిప్‌మంటే కరెంటు పోయిందేమో అనుకుని హడలిపోయానే!" అంది.