వేట మాంసం పచ్చిగా పెడితే కుక్కకు మేలా? కీడా?

వేటాడిన జింక, అడవిపంది, కుందేలు, అడవి పక్షుల మాంసాన్ని ఉడికించకుండా పెంపుడు కుక్కలకు పెట్టే అలవాటు ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా వంటి దేశాల్లో కొనసాగుతోంది. వేటకు చట్టబద్ధ అనుమతి ఉన్న ఆ దేశాల్లో కొందరు యజమానులు తామే వేటాడిన మాంసాన్ని పెడుతుండగా, మరికొందరు దుకాణాల్లో పొట్లాలుగా దొరికే వేట మాంసాన్ని కొనుగోలు చేస్తున్నారు. స్వేచ్ఛగా తిరిగి, సహజమైన మేత మేసిన జంతువు మాంసంలో మందుల అవశేషాలు ఉండవని, కాబట్టి కుక్కకు అంతకు మించిన ఆహారం లేదని వీరి వాదన.

ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే సహజమైనదంతా సురక్షితమైనది కాదని గత రెండు దశాబ్దాల పరిశోధనలు స్పష్టం చేస్తున్నాయి. కబేళాలో పశువైద్యుడు పరీక్షించిన మాంసానికీ, అడవిలో తుపాకీతో కూల్చిన జంతువు మాంసానికీ మధ్య ముఖ్యమైన తేడాలు రెండు ఉన్నాయి. మొదటిది, ఆ మాంసంలో మిగిలే సీసం. రెండోది, ఎవరూ పరీక్షించని వ్యాధికారకాలు. వీటి ప్రభావం కుక్కతో ఆగకుండా, దానితో కలిసి జీవించే కుటుంబం వరకూ చేరే అవకాశం ఉంది.

పచ్చి ఆహారం వెనుక ఆలోచన

కుక్కలకు పచ్చి మాంసం, ఎముకలు పెట్టాలన్న వాదనకు ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో వెలువరించిన పుస్తకంతో విస్తృత ప్రచారం లభించింది. కుక్క తోడేలు సంతతి కాబట్టి దానికి తోడేలు ఆహారమే తగినదన్నది ఈ ఆలోచనకు మూలం.

అయితే వేల ఏళ్లుగా మనిషి పంచన బతికిన కుక్క జీర్ణవ్యవస్థ మారిపోయింది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కుక్కల, తోడేళ్ల జన్యువులను పోల్చి 2013లో 'నేచర్' పత్రికలో ఫలితాలను ప్రచురించారు. పిండిపదార్థాలను జీర్ణం చేసే ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు ప్రతులు తోడేళ్లలో కంటే కుక్కల్లో చాలా ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. మనిషి తినగా మిగిలిన అన్నం, రొట్టె తిని బతకగలగడం కుక్కకు అబ్బిన ప్రత్యేక లక్షణమని దీని అర్థం. అడవిలోని తోడేళ్లు కూడా పురుగులు, వ్యాధుల నుంచి తప్పించుకోలేవన్నది మరో వాస్తవం.

తూటా వదిలిన విషం

వేటలో వాడే తూటాలు, గుళ్లు చాలావరకు సీసంతో తయారవుతాయి. సీసం మెత్తని లోహం. జంతువు శరీరాన్ని తాకగానే తూటా చిట్లి, కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా మాంసంలోకి వెదజల్లబడుతుంది. గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని కోసి పారేసినా, దానికి దూరంగా చేరిన రేణువులు మిగిలే ఉంటాయి.

ఈ ముప్పు తీవ్రతను కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల నేతృత్వంలో 2023లో ప్రచురితమైన అధ్యయనం వెలుగులోకి తెచ్చింది. బ్రిటన్‌లో ఫెజెంట్ అనే అడవి పక్షి మాంసంతో తయారై, కుక్కల కోసం అమ్ముడవుతున్న మూడు రకాల పచ్చి ఆహారాల నుంచి 90 నమూనాలను వారు పరీక్షించారు. వాటిలో 77 శాతం నమూనాల్లో సీసం పశుదాణాకు అనుమతించిన గరిష్ఠ పరిమితిని దాటింది. ఆ మూడు ఆహారాల్లో సగటు సీసం పరిమాణం పరిమితి కంటే సుమారు 245, 135, 49 రెట్లు ఎక్కువగా ఉన్నట్లు వెల్లడైంది.

సీసం శరీరంలో చేరితే నరాల వ్యవస్థ, మూత్రపిండాలు, రక్తకణాల తయారీ దెబ్బతింటాయి. కుక్కల్లో వాంతులు, ఆకలి మందగించడం, కడుపునొప్పి, మూర్ఛ వంటి లక్షణాలు కనిపించవచ్చు. ఎదిగే వయసులో ఉన్న కుక్కపిల్లలకు ప్రమాదం మరింత ఎక్కువ. అప్పుడప్పుడూ ఒకసారి తినడం కంటే రోజూ అదే ఆహారం పెట్టడం వల్లే అధిక నష్టం. ఉడికించినా, గడ్డకట్టించినా సీసం తొలగిపోదు.

సీసపు గుళ్లు, తూటాల వాడకాన్ని దశలవారీగా నిలిపివేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 జులైలో ప్రకటించింది. చిత్తడి నేలల్లో, వాటి పరిసరాల్లో సీసపు గుళ్ల వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచే నిషేధించింది. ఉక్కు గుళ్లు, రాగి తూటాలు ప్రత్యామ్నాయాలుగా అందుబాటులో ఉన్నాయి.

అడవిపంది మాంసంతో రెండు వ్యాధులు

వేట మాంసాల్లో కుక్కలకు అత్యంత ప్రమాదకరమైనది అడవిపంది మాంసమని చెప్పవచ్చు. ఆజెస్కీ వ్యాధికి కారణమైన వైరస్ పందుల్లో దీర్ఘకాలం నిలిచి ఉంటుంది. ఆ పంది పచ్చి మాంసం తిన్న కుక్కకు కొద్ది రోజుల్లోనే భరించలేని దురద, చొంగ కారడం, తూలడం మొదలవుతాయి. లక్షణాలు రేబిస్‌ను పోలి ఉండటంతో దీనిని సూడోరేబిస్ అని కూడా వ్యవహరిస్తారు. లక్షణాలు కనిపించాక కుక్క సాధారణంగా రెండు మూడు రోజుల్లోపే మరణిస్తుంది. దీనికి చికిత్స లేదు. అమెరికాలో వాణిజ్య పందుల పెంపకం నుంచి ఈ వ్యాధిని 2004 నాటికి నిర్మూలించినా, అడవుల్లో తిరిగే పందుల్లో అది ఇప్పటికీ కొనసాగుతోంది.

రెండోది బ్రూసెల్లోసిస్. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో అడవిపందుల వేటకు కుక్కలను వాడటం, పంది పచ్చి మాంసాన్ని వాటికి పెట్టడం ఆనవాయితీ. అక్కడి కుక్కల్లో 'బ్రూసెల్లా సూయిస్' అనే బ్యాక్టీరియా సోకిన ఉదంతాలు నమోదయ్యాయి. మగ కుక్కల్లో వృషణాల వాపు, ఆడ కుక్కల్లో గర్భస్రావం, వెన్నునొప్పి, కుంటడం దీని లక్షణాలు. అదే బ్యాక్టీరియా మనుషులకూ సోకుతుంది. పంది కళేబరాన్ని కోసే వేటగాళ్లే ఎక్కువగా దీని బారిన పడుతున్నారు. వ్యాధి సోకిన కుక్కకు కాన్పు చేసే పశువైద్యులు, యజమానులు కూడా జాగ్రత్తలు పాటించాల్సి ఉంటుంది.

కుక్కలో కనిపించని బద్దెపురుగు

వేట ముగిశాక జంతువు కాలేయం, ఊపిరితిత్తులను అక్కడికక్కడే కుక్కలకు విసిరేయడం అనేక దేశాల్లో ఉన్న అలవాటు. హైడాటిడ్ వ్యాధి వ్యాప్తికి ఇది ఒక మార్గం. గొర్రెలు, కంగారూల వంటి జంతువుల అవయవాల్లో ఉండే నీటితిత్తులను కుక్క తిన్నప్పుడు, అవి దాని పేగుల్లో చిన్న బద్దెపురుగులుగా ఎదుగుతాయి. కుక్కలో ఏ లక్షణమూ కనిపించదు. అయితే దాని మలంతో వెలువడిన గుడ్లు మనిషి నోటిలోకి చేరితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు ఏర్పడతాయి. అవి ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగి, చివరకు శస్త్రచికిత్సకు దారితీయవచ్చు.

ఈ వ్యాధి తెలుగువారికి కొత్తది కాదు. భారత్‌లో ఇది ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయని వైద్య సాహిత్యం చెబుతోంది. ఇక్కడ కారణం వేట కాదు. గొర్రెలు, మేకలను కోసిన చోట పారేసే అవయవాలు వీధికుక్కలకు చేరడమే. దారి వేరైనా, ప్రమాదం ఒక్కటే.

దీనిని అరికట్టడం సాధ్యమేనని ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీప రాష్ట్రం నిరూపించింది. పచ్చి అవయవాలను కుక్కలకు పెట్టడాన్ని ఆపించి, కుక్కలకు క్రమం తప్పకుండా పరీక్షలు నిర్వహించిన ఆ రాష్ట్రం 1996లో తాత్కాలికంగా హైడాటిడ్ రహితంగా ప్రకటించుకుంది. న్యూజిలాండ్ 2002లో అదే స్థాయికి చేరింది.

జింక మాంసంతో క్షయ

ఇంగ్లండ్‌లో 2018, 2019 సంవత్సరాల్లో ఇల్లు దాటి బయటకు వెళ్లని పిల్లులకు పశువుల క్షయ సోకడం పశువైద్యులను ఆశ్చర్యపరిచింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరా తీయగా, ఆ పిల్లులన్నీ జింక మాంసంతో తయారైన పచ్చి ఆహారం తిన్నట్లు తేలింది. వ్యాధి సోకింది పిల్లులకే అయినా, పరీక్షించని జింక మాంసం ద్వారా క్షయ ఇంట్లోకి చేరవచ్చని ఈ ఉదంతం బలంగా సూచించింది.

ఉత్తర అమెరికాలో జింకలకు సోకే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ మరో ఆందోళనకర అంశం. మెదడును క్షీణింపజేసే ఈ వ్యాధిని 1960ల చివర్లో కొలరాడో రాష్ట్రంలో తొలిసారి గుర్తించారు. కుక్కలకు ఇది సోకినట్లు ఆధారాలు లేవు. అయినా ఈ వ్యాధికి కారణమైన ప్రియాన్లు వంటవేడికి నశించవు.

ఫ్రీజర్ సరిపోతుందా?

కొన్ని రోజులు గడ్డకట్టించి పెడితే చాలని పలువురు యజమానుల నమ్మకం. తగినంత చల్లదనంలో, తగినన్ని రోజులు ఉంచితే కొన్ని పరాన్నజీవులు చనిపోతాయన్నది వాస్తవమే. కానీ బ్రూసెల్లా, సాల్మొనెల్లా, క్షయ బ్యాక్టీరియాలు చలికి నశించవు. అడవి జంతువుల్లో ఉండే ట్రైకినెల్లా పురుగుల్లో శీతల ప్రాంతాలకు చెందిన రకం గడ్డకట్టినా బతికే ఉంటుంది. మాంసాన్ని లోపలి వరకూ బాగా ఉడికించడమే వైరస్‌లు, బ్యాక్టీరియా, పురుగులు మూడింటికీ నమ్మదగిన విరుగుడు.

పచ్చి మాంసాన్ని కుక్కలకు, పిల్లులకు పెట్టవద్దని అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే విధాన ప్రకటన చేసింది. పచ్చి మాంసం తిన్న కుక్క మలం, గిన్నె, నాలుక ద్వారా చిన్నపిల్లలకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి బ్యాక్టీరియా చేరవచ్చన్నది అందుకు ప్రధాన కారణం.

పోషకాల లెక్క కూడా ముఖ్యమే. కండ మాంసంలో ఫాస్ఫరస్ అధికం, కాల్షియం అత్యల్పం. కేవలం మాంసంతో పెరిగిన కుక్కపిల్లల ఎముకలు బలహీనపడి వంకర తిరుగుతాయి.

భారత్‌లో చట్టం ఏమంటోంది?

భారత్‌లో వేట మాంసం పెట్టాలన్న ఆలోచనకే తావులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువుల వేటను నిషేధించింది. వాటి మాంసాన్ని కలిగి ఉండటం, కొనడం, అమ్మడం కూడా నేరమే. పంటలను నాశనం చేసే అడవిపందులను చంపేందుకు కొన్ని రాష్ట్రాలు షరతులతో అనుమతి ఇస్తున్నా, అది వాటి మాంసాన్ని ఇంటికి తీసుకెళ్లేందుకు ఇచ్చిన అనుమతి కాదు.

యజమానులు పాటించవలసినవి

వేట చట్టబద్ధమైన దేశాల్లో నివసిస్తున్న తెలుగువారైనా, ఇక్కడ దుకాణం నుంచి మాంసం తెచ్చి పెట్టేవారైనా పాటించవలసిన సూత్రాలు కొన్ని ఉన్నాయి. సీసపు తూటాతో వేటాడిన మాంసాన్ని కుక్కకు పెట్టరాదు. పంది మాంసాన్ని ఏ పరిస్థితిలోనూ పచ్చిగా పెట్టరాదు. కాలేయం, ఊపిరితిత్తులు, పేగులను బాగా ఉడికించకుండా కుక్క దరి చేరనీయరాదు. పశువైద్యుని సలహాతో బద్దెపురుగులపై పనిచేసే ప్రాజిక్వాంటెల్ మందును క్రమం తప్పకుండా వేయించాలి. మాంసం తాకిన చేతులను, గిన్నెలను సబ్బుతో శుభ్రం చేసుకోవాలి.

పచ్చి మాంసం తిన్న కుక్కకు జ్వరం, తీవ్రమైన దురద, వాంతులు లేదా మూర్ఛ కనిపిస్తే వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లి, అది ఏ మాంసం తిన్నదో, ఎప్పుడు తిన్నదో దాచకుండా చెప్పాలి. వ్యాధి నిర్ధారణ సకాలంలో జరిగేందుకు ఆ ఒక్క సమాచారమే కీలకం కావచ్చు.