తారుమారైన అక్షరములు – తడబడని చదువు

“ఉధ్యాపాయుడు పాశాఠలలో విర్థుద్యాలకు కథను విపింనిచెను.”

ఈ వాక్యమున అచ్చుతప్పులు దొరలినవని చదువరులు భ్రమపడ నక్కరలేదు. ప్రతి పదమునందును మొదటి అక్షరమును, తుది అక్షరమును యథాస్థానములందే యున్నవి. నడిమి అక్షరములు మాత్రము బుద్ధిపూర్వకముగ తారుమారు చేయబడినవి. ‘కథను’ అను పదమునకు నడుమ నున్నది ఒక్క అక్షరమే గనుక అది మారలేదు. అయినను, ఉపాధ్యాయుడు పాఠశాలలో విద్యార్థులకు కథను వినిపించెనని గ్రహించుటకు చదువు వచ్చినవారికి ఎంతోసేపు పట్టదు. వ్రాత చెడినను అర్థము చెడకుండుట యెట్లు?

2003వ సంవత్సరమున ఇంగ్లీషులో ఇట్టి చిన్న పేరా యొకటి దేశదేశములకు వ్యాపించినది. మొదటి అక్షరమును, తుది అక్షరమును సరిగా నున్నచో తక్కినవి ఏ వరుసలో నున్నను బాధ లేదనియు, ఇది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధనలో తేలినదనియు దాని సారాంశము. కేంబ్రిడ్జిలోనే భాషను, మెదడును గూర్చి పరిశోధించుచుండిన మాట్ డేవిస్ అను శాస్త్రజ్ఞుడు విచారింపగా, అట్టి పరిశోధన అక్కడ జరిగిన జాడ కానరాలేదు. దానికి దగ్గరగా నున్నది 1976లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునకు గ్రాహం రాలిన్‌సన్ సమర్పించిన సిద్ధాంత వ్యాసము. నడిమి అక్షరములు చెదరినను నేర్పరులైన చదువరులకు అంతగా అడ్డు కాదని అందు చూపబడినది. లోకమున వ్యాపించిన పేరా దానిని పెంచి, వరుసతో పనియే లేదనెను.

ఆ పేరా సులభముగా చదువబడుటకు కారణములు దానియందే దాగియున్నవి. ఇంగ్లీషున రెండు మూడక్షరముల చిన్న పదములు విస్తారము. పై నియమము ననుసరించి అవి మారనే మారవు. వాక్యమునకు ఎముకలగూడు వంటివి ఆ పదములే. అవి నిలిచినచో తక్కినదానిని ఊహ పూరించును. పెద్ద పదములలో సైతము ప్రక్కప్రక్క అక్షరములు చోటు మార్చుకొన్నచో పోల్చుట తేలిక; దూరపు అక్షరములు కలగలిసినచో కష్టము. కొన్ని పదములకు ఈ మార్పు ప్రమాదకరము కూడ. ‘ఫారం’ అను ఇంగ్లీషు పదపు నడిమి రెండక్షరములు మారినచో ‘ఫ్రం’ అగును. అప్పుడు కంటికి తప్పే కనబడదు. అర్థము మాత్రము తప్పును.

చదువుట యనగా ఒక్కొక్క అక్షరమును వరుసగా ఏరుకొనుట కాదని శాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే గుర్తించిరి. కన్ను పంక్తి వెంట నీటివలె జారదు; గెంతుచు పోవును. ఒక్కొక్క చోట అది నిలుచునది సుమారు సెకనులో నాలుగవ వంతు. లైప్‌జిగ్ నగరమున పరిశోధించిన జేమ్స్ కాటెల్ 1886లో ఒక వింతను ప్రకటించెను. రెప్పపాటు కాలము చూపినప్పుడు, పొంతన లేని అక్షరములకంటె పదముగా కూడిన అక్షరములే ఎక్కువగ పట్టుబడునట! 1969లో జెరాల్డ్ రైకర్ చేసిన ప్రయోగములు దీనిని మరింత స్పష్టపరచినవి: ఒంటరి అక్షరముకంటె పదములోని అక్షరమునే మానవుడు తప్పులేకుండ గుర్తించును. అక్షరములు పదమును తెలుపుచుండగా, తెలిసిన పదము తిరిగి అక్షరములకు తోడ్పడుచున్నది.

అట్లని తారుమారునకు మూల్యము లేకపోలేదు. కీత్ రేనర్ ప్రభృతులు 2006లో దీనిని కొలిచి చూచిరి. సరియైన ఇంగ్లీషు వాక్యములను నిమిషమునకు 255 పదముల చొప్పున చదివినవారు, నడిమి అక్షరములు మారినప్పుడు 227 పదములను, తుది అక్షరములు మారినప్పుడు 189 పదములను, మొదటి అక్షరములు మారినప్పుడు 163 పదములను మాత్రమే చదువగలిగిరి. అర్థము చిక్కినను శ్రమ తప్పలేదు. ఆదియక్షరము చెడుటయే అన్నిటికంటె పెద్ద నష్టము.

భాషను బట్టియు ఈ నష్టము మారును. హీబ్రూ పదములు సాధారణముగ మూడు హల్లుల ధాతువుపై నిర్మింపబడును. ఆ హల్లుల వరుస మారినచో వేరొక ధాతువు ప్రత్యక్షము కావచ్చును. ఇంగ్లీషును, హీబ్రూను రెంటిని ఎరిగినవారిపై వెలాన్, ఫ్రాస్ట్ అనువారు చేసిన పరిశోధన 2007లో వెలువడినది. ఇంగ్లీషులో సునాయాసముగ గట్టెక్కినవారే హీబ్రూలో తడబడిరి.

మరి తెలుగు సంగతి యేమి? మన లిపిలో హల్లు, అచ్చు గుర్తు, ఒత్తు కలిసి ఒక అక్షరమగును. అక్షరముల వరుస మారిన ‘కడప’ ‘పడక’ యగును. ‘పలక’ ‘కలప’ యగును. మొదలు తుద చెదరకున్నను ‘కమలము’ నడుమ మారి ‘కలమము’ అయినచో తామరపువ్వు వరిధాన్యమగును. అక్షరము కదలనక్కరలేదు, దీర్ఘమొక్కటి ప్రక్కకు జరిగినచో ‘రామ’ ‘రమా’ యగును. ఇన్ని చిక్కులున్నను మొదట నిచ్చిన వాక్యము అర్థమగుటకు కారణము, ఆ పదముల సరియైన రూపము చదువరి మనస్సున ముందే నాటుకొని యుండుటయే.

ఉపాధ్యాయులు గమనింపవలసిన దిచ్చటనే యున్నది. వరుస ఎట్లున్నను చదువవచ్చును గనుక వర్ణక్రమముతో పనిలేదని వాదించుట తలక్రిందులైన తర్కము. వేలకొలది పర్యాయములు సరియైన వరుసను చూచినవాడే చెదరిన వరుసను సరిచేసికొనగలడు. గుణింతములు, ఒత్తులు కూడబలుకుకొను బాలునికి ఆ నిధి యింకను సమకూడలేదు. మొదటి అక్షరము చూచి తక్కినది ఊహింపుమని వానికి చెప్పుట, పునాది లేకయే పైకప్పు వేయుట వంటిది.

విద్యార్థులకును ఇందొక హెచ్చరిక గలదు. చెదరిన పదమును చదివించు శక్తియే అచ్చుతప్పును కప్పిపుచ్చును. తాను వ్రాసిన జవాబును తానే తిరిగి చదువునప్పుడు మనస్సు వ్రాసినదానిని గాక, వ్రాయదలచినదానిని చూచును. కావున దిద్దుకొనునప్పుడు త్వరపడక, పదము వెంట పదము, అక్షరము వెంట అక్షరము వ్రేలుంచి చూచుట మేలు. వేగముగ చదువుట యొక విద్య. నెమ్మదిగ చూచుట మరియొక విద్య. రెండును అలవడిననే చదువు పూర్తియగును.