పిల్లల బీఎంఐని పెద్దవాళ్ల యాప్‌లో చూస్తున్నారా? ఎత్తు-బరువు చార్టు ఇలా చదవాలి

చోడవరం నుంచి మళ్లీ నేనే. ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా.

మా మేనల్లుడికి ఈమధ్యే పదేళ్లు నిండాయి. ఎత్తు 138 సెంటీమీటర్లు, బరువు 31 కిలోలు. నా ఫోన్‌లో బీఎంఐ యాప్ తీసి కొట్టాను. 16.3 వచ్చింది. కింద ఎర్రగా "అండర్‌వెయిట్" అని. అక్క కంగారుపడిపోయి మర్నాడే ప్రోటీన్ పౌడర్ డబ్బా కొనేసింది.

లెక్క కరెక్టే. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. కానీ ఆ యాప్ వయసు అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. 18.5 నుంచి 25 లోపు నార్మల్ అనేది పెద్దవాళ్లకి. పిల్లల బీఎంఐ మొదటి ఏడాది పెరుగుతుంది, తర్వాత ఐదారేళ్ల దాకా తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. అందుకే వయసు, ఆడా మగా అన్నది చూసే పోల్చాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5-19 ఏళ్ల వాళ్ల కోసం చార్టులు ఇచ్చింది. వాటిలో పదేళ్ల అబ్బాయికి మధ్య గీత 16.4. అంటే మావాడు దాదాపు నడిమధ్యలో ఉన్నాడు! 13.7 కంటే తగ్గితే బక్కతనం, 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. చూశారా, పెద్దవాళ్లకి "కనీసం ఇంత ఉండాలి" అనే 18.5 దగ్గరే పదేళ్లవాడికి అధిక బరువు మొదలవుతుంది.

అసలు ప్రమాదం ఇక్కడుంది. అదే ఎత్తున్న పదేళ్ల అబ్బాయి 42 కిలోలు ఉన్నాడనుకోండి. బీఎంఐ 22. యాప్ పచ్చరంగులో "నార్మల్" అంటుంది. చార్టు ప్రకారం అది ఊబకాయం. బాగున్నవాడికి పౌడర్ డబ్బా, డాక్టర్‌కి చూపించాల్సినవాడికి శభాష్!

మన పిల్లల కొలతలతో ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో 5-18 ఏళ్లకి చార్టులు తెచ్చింది. మనవాళ్లకి తక్కువ బీఎంఐకే షుగర్ లాంటి సమస్యలు వస్తాయి కాబట్టి, అందులో హెచ్చరిక గీతలు పెద్దవాళ్ల 23, 27కి సరిపోయేలా పెట్టారు. పిల్లల డాక్టర్‌ని ఆ చార్టు అడగండి.

ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పకండి. చెప్పులు విప్పించి, గోడకి ఆనించి నిలబెట్టి, ఆరు నెలలకోసారి కొలిచి చార్టులో చుక్క పెట్టండి. చుక్కలు ఒకే గీత వెంట సాగుతుంటే మంచిదే. గీతలు దాటి పైకో కిందకో పోతుంటే డాక్టర్‌కి చూపించండి.

చార్టు చూపిస్తే అక్క ఒకటే మాట అంది: "ఈ ముక్క డబ్బా కొనకముందే చెప్పొచ్చు కదరా!" అందుకే మీకు ముందే చెప్తున్నా. మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పడేయండి. ఉంటా మరి!