హాస్టల్‌లో, అనాథాశ్రమంలో చిన్నప్పుడు లైంగిక వేధింపులు.. ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టొచ్చా? చట్టం ఏం చెబుతోంది?

హైదరాబాద్: అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ.. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లతో కిక్కిరిసిపోయే ఏరియాలు. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల రూముల్లో ఉండేవాళ్లు చాలామంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లే. చిన్న వయసు నుంచే హాస్టళ్లలో, అనాథాశ్రమాల్లో, చిల్డ్రన్ హోముల్లో పెరిగినవాళ్లూ వాళ్లలో ఉంటారు. అక్కడ వార్డెనో, నిర్వాహకుడో చేసిన పనిని ఇప్పటిదాకా బయటపెట్టలేకపోయినవాళ్లకు ముందు వచ్చే డౌట్ ఒకటే. ఇన్నేళ్లయ్యాక చెబితే ఎవరు వింటారు?

వినాల్సిందే. బాధితుల వయసు ఇప్పుడు పాతికైనా, ముప్పై ఐదైనా ఫిర్యాదు చేసే హక్కు ఉంది. దాని కోసం సొంత జిల్లాకు వెళ్లాల్సిన పని కూడా లేదు.

గడువు ఉందా? లేదా?

పోక్సో చట్టంలో ఫిర్యాదుకు ఇంత టైమ్ అని ఎక్కడా లేదు. క్రిమినల్ చట్టాల్లో కాలపరిమితి ఉన్నది గరిష్ఠంగా మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలకే. అంతకు మించి శిక్ష ఉంటే గడువు వర్తించదు. చిన్నప్పుడు వేధింపులకు గురైనవాళ్లు ఏ వయసులోనైనా ఫిర్యాదు చేయొచ్చని 2018 అక్టోబర్‌లో కేంద్రం కూడా స్పష్టత ఇచ్చింది.

కాకపోతే నేరం ఎప్పుడు జరిగిందన్నది కీలకం. ఆ రోజున ఏ చట్టం అమల్లో ఉందో అదే వర్తిస్తుంది. పోక్సో అమల్లోకి వచ్చింది 2012 నవంబర్ 14న. ఆ తర్వాత జరిగిన నేరమైతే అబ్బాయిలకు, అమ్మాయిలకు ఒకే రక్షణ. పైగా సంరక్షణ కేంద్రం, విద్యాసంస్థ సిబ్బందే పిల్లలపై అత్యాచారం చేస్తే దాన్ని చట్టం మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. కనీస శిక్ష మొదట పదేళ్లు ఉండేది. 2019 ఆగస్టు సవరణతో అది 20 ఏళ్లయింది.

మరి 2012కి ముందు జరిగితే? ఐపీసీ ఉంది. అత్యాచారానికి 376, అబ్బాయిల విషయంలో 377 సెక్షన్. రెండింటికీ గడువు లేదు. మహిళలు, పిల్లల సంస్థల సిబ్బంది తమ హోదాను అడ్డుపెట్టుకుని అక్కడుండే అమ్మాయిలపై అత్యాచారం చేస్తే కనీసం పదేళ్ల జైలు అన్న నిబంధన 1983లోనే వచ్చింది. ఆ సవరణ వెనక మన సిటీ కథ కూడా ఉంది. 1978లో, నారాయణగూడకు దగ్గర్లోనే ఉన్న నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మృతి హైదరాబాద్‌ను అట్టుడికించాయి. కస్టడీ అత్యాచారాలపై చట్టం మారడానికి కారణమైన ఆందోళనల్లో అదీ ఒకటి.

తెలుగు రాష్ట్రాలవాళ్లకు మరో పాయింట్ ఉంది. ఇది చాలామందికి తెలియదు. అమ్మాయిలను అసభ్యంగా తాకడం లాంటి నేరాలకు వాడే 354 సెక్షన్‌లో అప్పట్లో దేశమంతటా గరిష్ఠ శిక్ష రెండేళ్లే. అంటే మూడేళ్లు దాటితే కేసు కష్టం. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1991లోనే రాష్ట్ర సవరణ తెచ్చి ఆ శిక్షను ఐదు నుంచి ఏడేళ్లకు పెంచింది. కాబట్టి ఇక్కడ జరిగిన పాత ఘటనలకు గడువు అడ్డంకి కాదు.

అయితే అన్నిటికీ ఇదే ధైర్యం చెప్పలేం. తాకకుండా మాటలతో, సైగలతో వేధించడానికి పోక్సోలో గరిష్ఠ శిక్ష మూడేళ్లే. అక్కడ గడువు సమస్య రావచ్చు. ఎన్నో ఏళ్ల కిందటి మామూలు దెబ్బల కేసులదీ అదే పరిస్థితి. 2016 జనవరి నుంచి అమల్లో ఉన్న జువైనల్ జస్టిస్ చట్టం మాత్రం పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థల సిబ్బంది క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ల వరకు కఠిన జైలు, ఐదు లక్షల వరకు జరిమానా అంటోంది. దానికి మూడేళ్ల లిమిట్ లేదు.

చిక్కడపల్లిలోనే ఫిర్యాదు

నేరం ఆదిలాబాద్‌లో జరిగినా, ఒంగోలులో జరిగినా ఫిర్యాదు చిక్కడపల్లి లేదా నారాయణగూడ పోలీస్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కేసు రాసుకుని సంబంధిత స్టేషన్‌కు పంపాల్సింది పోలీసులే. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో ఇది నేరుగా రాసి ఉంది. ఆన్‌లైన్‌లో పంపినా మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగా ఇవ్వాలి.

పాత విషయం కదా, మెడికల్ రిపోర్ట్ ఎక్కడి నుంచి తేవాలి? అవసరం లేదు. బాధితుల వాంగ్మూలం నమ్మదగినదైతే అదొక్కటే చాలని, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో కేసు కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. అయినా మీరు అక్కడే ఉన్నారని చూపించేవి కొన్ని దగ్గరుంటే కేసు గట్టిపడుతుంది. టీసీ, బోనఫైడ్, అడ్మిషన్ కాగితాలు, బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్, గ్రూప్ ఫొటో. అప్పట్లో ఎవరికైనా చెప్పుకుని ఉంటే వాళ్ల పేరు. అదే హాస్టల్‌లో చదివిన పాత ఫ్రెండ్ సాక్ష్యం అన్నిటికన్నా విలువైనది.

2020లో సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ ప్రైవేటు అనాథాశ్రమం కేసు గుర్తుండే ఉంటుంది. 14 ఏళ్ల అమ్మాయి బంధువుల ఇంటికి వచ్చాకే విషయం బయటపడింది. నిలోఫర్‌లో చికిత్స పొందుతూ ఆమె చనిపోయింది. నిర్వాహకురాలు సహా ముగ్గురిని పోలీసులు అరెస్టు చేశారు. లోపల ఉన్నంతకాలం పిల్లలు నోరు విప్పలేరు. ఎందుకు లేటుగా చెబుతున్నారని అడిగేవాళ్లకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

ఉద్యోగానికి అడ్డొస్తుందా?

అశోక్‌నగర్‌లో ఉండేవాళ్లకు ఇది పెద్ద భయం. అటెస్టేషన్ ఫారంలో అడిగేది మీ మీద కేసులున్నాయా అని. మీరు పెట్టిన కేసు దాని కిందకు రాదు. బాధితుల పేరు, ఫొటో, గుర్తించగలిగే వివరం ఏదీ బయటకు రాకూడదు. పోక్సో ప్రకారం మీడియా బయటపెట్టినా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు. అందుకే ముందు ఇన్‌స్టాలో రీల్ పెట్టడం, ఆ తర్వాత స్టేషన్‌కు వెళ్లడం కరెక్ట్ కాదు. ఆ వీడియోలో అప్పటి తోటి పిల్లల పేర్లు చెబితే చిక్కుల్లో పడేది మీరే.

డబ్బు, లాయర్

పరిహారం కోసం దోషికి శిక్ష పడేదాకా ఆగాల్సిన పని లేదు. పోక్సో కోర్టు మధ్యంతర పరిహారం ఇవ్వొచ్చు. నిందితుడు నిర్దోషిగా బయటపడినా పరిహారం ఇచ్చే వీలుంది. 2018 నల్సా స్కీం ప్రకారం అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు. బాధితులు మైనర్లయితే అందులో సగం అదనం. నేరం జరిగిన సంస్థ మీద సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయాలంటే మాత్రం టైమ్ తక్కువ. 18 నిండాక మూడేళ్లు, అంటే సాధారణంగా 21 ఏళ్ల వరకే.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ వస్తారు. మిగతా అబ్బాయిలకు ఆదాయ పరిమితి ఉంటుంది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలో ఉన్న న్యాయ సేవాధికార సంస్థలో అడగొచ్చు. లేదంటే 15100కి ఫోన్ చేయొచ్చు. ఇప్పటికీ ఆ హోంలో పిల్లలు ఉన్నారని, వాళ్లకూ అదే జరుగుతోందని అనుమానం ఉంటే 1098కి చెప్పండి.

స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే? అదే ఫిర్యాదును రాతపూర్వకంగా పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపాలి. రసీదు దాచుకోవాలి. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. పోక్సో ఫిర్యాదు నమోదు చేయకపోవడం కూడా నేరమే. దానికి ఆరు నెలల వరకు జైలు శిక్ష ఉంది.