ప్రార్థన చోటే పంక్తి భోజనం

మన్‌హటన్‌లో తొమ్మిదో అవెన్యూ, 28వ వీధి కలిసే మూల మీద హోలీ అపోసల్స్ చర్చి ఉంది. 1840లలో కట్టిన ఎపిస్కోపల్ క్రైస్తవ శాఖ ఆలయమిది. పనిదినాల్లో దాని ముందు బారులు తీరేవాళ్లు భోజనానికి వచ్చినవాళ్లు.

1980ల మొదట్లో న్యూయార్క్‌లో నిలువ నీడలేనివాళ్ల సంఖ్య బాగా పెరిగింది. చౌక అద్దె గదులు కనుమరుగయ్యాయి. మానసిక వైద్యశాలల నుంచి పంపేసినవాళ్లకు బయట ఆసరా దొరకలేదు. మాంద్యంలో ఉద్యోగాలు ఊడాయి. అప్పటికి ఆ చర్చి సంఘం చిన్నది, చేతిలో డబ్బూ అంతంతమాత్రమే. అయినా మనకు మిగిలాక పెడదామని వాళ్లు ఆగలేదు. 1982 అక్టోబరులో పొయ్యి వెలిగించారు. తొలిరోజు కొద్దిమందే వచ్చారు. తర్వాత ఒక్క పూటలో వెయ్యి మందికి పైగా వడ్డించిన రోజులెన్నో.

1990లో అగ్నిప్రమాదం ఆలయాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. భోజనాలు మాత్రం కొనసాగాయి. మరమ్మతులయ్యాక, నేలకు బిగించిన పాత బెంచీలను తిరిగి పెట్టలేదు. దాంతో ఆదివారం ఆరాధన జరిగే హాల్లోనే మిగతా రోజుల్లో బల్లలు వేసి వడ్డించే వీలు కలిగింది. నా దృష్టిలో ఆ సంఘం చేసిన అతి గొప్ప పని ఇదే. ఆకలితో వచ్చినవాళ్లను పెరటి వైపు కూర్చోబెట్టకుండా, తాము దేవుణ్ణి కొలిచే చోటే కూర్చోబెట్టింది.

అక్కడ తినడానికి వచ్చినవాళ్లను అతిథులంటారు. మీది ఏ మతమని అడగరు. ఒక యూదు సమాజం ఏళ్ల తరబడి శుక్రవారం ప్రార్థనలు ఆ ఆలయంలోనే జరుపుకుంది. 1990లలో రచయిత ఇయాన్ ఫ్రేజియర్ అతిథుల కోసం అక్కడ రచనా శిబిరం మొదలుపెట్టారు. వాళ్ల రచనలు 2004లో పుస్తకంగా వచ్చాయి. కడుపు నిండినవాళ్లకు తమ కథ చెప్పుకునే చోటూ దొరికింది.

ఆకలికి అన్నం పెట్టే ఈ ధర్మం మన తెలుగువాళ్లకు కొత్తది కాదు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికీ అన్నం పెట్టారు. మన చర్చిల్లో ప్రేమవిందు ఉంది, గుళ్లలో అన్నదానం ఉంది, మసీదుల్లో ఇఫ్తార్ ఉంది. కానీ అమెరికాకు వచ్చాక మన పంక్తి మన వరకే ఆగిపోతోంది. ఉగాదికి, సంక్రాంతికి, క్రిస్మస్‌కు అద్దె హాళ్లలో ఘనంగా విందులు చేసుకుంటాం. ఆ హాలు పక్క వీధిలో ఎవరుంటారో మనకు తెలియదు.

అందుకే ఇక్కడి మన తెలుగు సంఘానికి నా విన్నపం ఇది. వచ్చే ఏటి నుంచి ఒక్క పండుగ భోజనానికైనా హాలు చుట్టుపక్కలవాళ్లను ముందుగా వెళ్లి పిలుద్దాం. వాళ్లు తినగలిగే కారంతో వండుదాం. వడ్డించి పక్కకు తప్పుకోకుండా వాళ్ల పక్కనే కూర్చుని తిందాం. మన పిల్లలకు మన సంస్కృతి ఆ బల్ల దగ్గర కూడా అబ్బుతుంది.