పశువుల కృత్రిమ గర్భధారణ – వీర్యకణముల ఆయుర్దాయము

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో ఆవుగాని గేదెగాని ఎదకు వచ్చినపుడు ఆబోతును వెదకుకొనుచు పోవు గృహస్థులు నేడు తక్కువ. పశువైద్యశాలకో, గోపాలమిత్రకో కబురంపి సూది వేయించుట వాడుకయైనది. కొన్ని పశువులకు చూలు నిలుచును. కొన్ని ఇరువదియొక్క దినములకు మరల పొర్లును. పొర్లినప్పుడు “సూదిలో సత్తువ లేదు” అని ఒకరు, “పశువులోనే దోషము” అని మరియొకరు అనుచుందురు. రెండు మాటలలోను కొంత నిజముండవచ్చును. కాని పెక్కు సందర్భములలో దోషము సూదిలోనిది కాదు, పశువులోనిది కాదు, గడియలు తప్పుటలోనిది.

ఒక్క పొర్లు పోయిన యెడల మూడు వారములు పోయినట్లే. మూడు పొర్లు పోయినచో రెండు నెలలు. నల్లమలకును వెలికొండలకును నడుమ, కంభము చెరువు ఆయకట్టు వంటి కొద్దిపాటి తావులు తప్ప, తక్కిన నేల వాన మీదను బోరు మీదను ఆధారపడినది. జొన్నచొప్ప కొని మేపవలసిన యేట ఒట్టిపోయిన గేదెను రెండు నెలలు అదనముగా నిలువబెట్టుకొనుట ఎంత బరువో ఈ సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. కావున వీర్యకణము ఎచ్చట పుట్టును, ఎంతకాలము బ్రతుకును, దేనివలన చచ్చును అను మూడు సంగతులు ఇంటి పెద్ద తెలిసికొనుట మంచిది. ఇది పదిమందిలో చెప్పదగిన మాటయా అని సంకోచించువారుందురు. పశువు మీద బ్రతుకువారికి ఇందు సిగ్గుపడవలసినది లేదు.

ఆబోతు వృషణములు దేహమునకు వెలుపల వ్రేలాడుచుండుటకు కారణము కలదు. లోపలి వేడికంటె నాలుగైదు డిగ్రీలు చల్లగా నుండిననే వాటిలో వీర్యకణములు సరిగా తయారగును. ఒక కణము తయారగుటకు సుమారు అరువది దినములు పట్టును. ఆ పిమ్మట పక్వమగుటకు మరి పది దినములు. కనుక ఆబోతునకు నేడు తీవ్రమైన జ్వరము వచ్చినను, వైశాఖపుటెండలో నీడలేక నిలిచినను, దాని ఫలము నేడు కనబడదు. కొన్ని వారముల తరువాత కనబడి, రెండు నెలల దాక పీడించును. పైకి బలిష్ఠముగా నున్న ఆబోతు దాటినను ఆవులు పొర్లుచుండుటకు ఇదియొక హేతువు. వీర్య కేంద్రములలో ఆబోతులకు, దున్నపోతులకు నీడయు నీటి తుంపరలును ఏర్పరచుట వాటికి సుఖమిచ్చుటకు మాత్రమే కాదు.

ఆబోతు ఒక్కమారు విడుచు వీర్యము నాలుగు మొదలు ఎనిమిది మిల్లీలీటర్లు. ఒక్కొక్క మిల్లీలీటరులో సుమారు నూరు కోట్ల కణములుండును. ఒక ఆవును చూలు కట్టించుటకు అన్ని అక్కరలేదు. తగినచోట, తగినవేళ విడిచినచో రెండు కోట్లు చాలును. నేడు వాడుకలోనున్న సన్నని వీర్యనాళిక ఒక్కొక్కదానిలో పోయునది ఇంచుమించు ఆ మాత్రమే. ఊరి ఆబోతు ఏడాదికి ఏబది, అరువది ఆవులను దాటగలిగిన చోట, మేలైన ఆబోతు ఒకటి వేలకొలది ఆవులకు దూడలనీయగలుగుట ఈ లెక్కవలననే. మందలో ఆబోతు నుండి ఆవునకు, ఆవు నుండి ఆబోతునకు ప్రాకెడి ఈసుకుపోవు రోగములును దీనివలన తగ్గును.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. రష్యాలో ఇవనోవ్ అను శాస్త్రజ్ఞుడు గత శతాబ్దపు ఆరంభముననే దీనిని పశువులపై విరివిగా నడపెను. మన దేశమున 1939లో మైసూరు రాజప్రాసాదపు పాడిక్షేత్రములో సంపత్కుమారన్ గారు మొదట జరిపిరి. 1942లో ఇజ్జత్‌నగరులోని పశువైద్య పరిశోధనా సంస్థయందు పరిశోధన సాగెను. 1943లో అలహాబాదు వ్యవసాయ సంస్థలో ఈ విధముగా మొదటి గేదె దూడ పుట్టెను. ఆ దినములలో వీర్యమును మంచుతో చల్లబరచి ఫ్లాస్కులలో పంపెడివారు. దానిని కోడిగ్రుడ్డు పచ్చసొనతో కలిపిన ద్రవములో నుంచిన యెడల చలి దెబ్బకు చావదని 1940లో అమెరికావారు కనుగొనిరి. అయినను రెండు మూడు దినములకు మించి దాని బలము నిలువదు. బస్సు ఒక పూట ఆగిపోయినచో ఆ ఫ్లాస్కులోనిది వ్యర్థము.

దీనికి విరుగుడు దొరకిన కథ వినదగినది. వీర్యమును గడ్డకట్టించినచో అందలి నీరు మంచుసూదులై కణమును చీల్చివేయును. 1949లో ఇంగ్లాండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనువారు కోడిపుంజు వీర్యముపై ప్రయోగములు సేయుచు, పండ్ల చక్కెర ద్రావకమని తలచి ఒక సీసాలోనిది వాడిరి. కరగించి చూడగా కణములు బ్రతికి కదలాడుచుండెను! ఆశ్చర్యపడి సీసాను పరీక్షింపగా, చీటీలు తారుమారై, అందులోనున్నది గ్లిసరిన్ అని తేలెను. గ్లిసరిన్ మంచుసూదులను అణచివేయునని అట్లు బయలుపడినది. రెండేండ్లలోనే, 1951లో, గడ్డకట్టించిన వీర్యముతో అదే దేశమున ఆవుదూడ జన్మించెను.

నేడు వీర్యనాళికలను సున్నకు దిగువ 196 డిగ్రీల చలిలో, ద్రవరూపమున నున్న నత్రజనిలో ముంచి యుంచుదురు. ఆ చలిలో కణమునకు వయసు గడవదు. ఏండ్ల తరబడి నిలువయుండి, ఆబోతు మరణించిన పిమ్మటను దూడలు పుట్టించును. ఒంగోలు దగ్గరి కరవది గ్రామపు పేరుతోనే పిలువబడిన ఒంగోలు ఆబోతు ఒకటి 1960వ దశకపు తొలి సంవత్సరములలో బ్రెజిల్ దేశమునకు చేరినది. దాని వీర్యము చేతనే అక్కడి నెలోర్ మందలలో గొప్ప వంశము ఏర్పడినది. మన గోసంతతి సముద్రము దాటి వర్ధిల్లుచుండగా మన ఊళ్లలో మంచి ఒంగోలు కోడెలు కరువగుట చింతింపవలసిన సంగతియే. కాని అది వేరొక ప్రసంగమునకు తగినది. నల్లమల కావల, గిద్దలూరు నుండి నందికనుమ దాటిన పిమ్మట వచ్చు నంద్యాలలో ఘనీకృత వీర్య కేంద్రము కలదు.

ఇక ముఖ్యమైన సంగతి. చలిలో నున్నంత వరకు కణమునకు ప్రమాదము లేదు. చలి నుండి బయటకు వచ్చు క్షణము మొదలు దాని ఆయువు కొలతకు వచ్చును. నాళికను వెదకుటకై డబ్బా మెడ పైకి ఎత్తి, కొంతసేపు పట్టుకొని, ఇది కాదని మరల లోపల వేసినచో, కంటికి ఏమియు తెలియదు. లోని కణములలో పెక్కు చచ్చియుండును. మన వేసవిలో ఇది మరింత త్వరగా జరుగును. బయటికి తీసిన నాళికను 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో అర నిమిషము ఉంచి కరగింపవలెను. నీటి వేడిని చేతితో గాక ఉష్ణమాపకముతో చూడవలెను. తరువాత నాళికను పొడిగా తుడువవలెను. ఒక్క నీటిబొట్టు వీర్యములో కలిసినను కణములు ఉబ్బి చచ్చును. సబ్బు, క్రిమిసంహారక మందు తగిలినను అంతియే. ఎండ సోకనీయరాదు. కరగించిన పిమ్మట పావుగంట దాటనీయక పశువు గర్భములో విడువవలెను. ఊరి మొదట నాళికను కరగించి చొక్కా జేబులో వేసికొని నాలుగిండ్లు తిరుగువాడు, వాడెంత మంచివాడైనను, మీకు మేలు సేయుట లేదు. “బాబూ, మా దొడ్డిలోనే కరగింపుము, నీళ్లు మేము కాచి యిత్తుము” అని పెద్దలడిగినచో కోపించువారుండరు.

గర్భములోనికి చేరిన తరువాత మరియొక గడియారము నడచుచుండును. ఆవు ఎద సాధారణముగా పండ్రెండు మొదలు పదునెనిమిది గంటలుండును. అండము విడుదలయగుట ఎద ముగిసిన పిమ్మట పది, పండ్రెండు గంటలకు. విడుదలైన అండము పది గంటలకు మించి చేవతో నుండదు. వీర్యకణములు గర్భములో సుమారు ఒక దినము బ్రతుకును. అందు తొలి ఆరు గంటలు అండమును భేదింపగల శక్తిని సంతరించుకొనుటకే చెల్లును. ఎద మొదలైన వెంటనే సూది వేయించినచో అండము దిగు సరికి కణములు అలసి చచ్చియుండును. మరునాడు సాయంకాలము తీరికగా వేయించినచో కణములు సిద్ధమగు లోపల అండము ముదిరిపోవును. 1940వ దశకమున అమెరికాలోని నెబ్రాస్కాలో ఈ లెక్కలను ఆవులపై పరీక్షించి చూచిరి. దానినుండి వచ్చినదే నేటికిని నిలిచిన పద్ధతి: ఉదయము ఎద కనబడినచో ఆ సాయంకాలము, సాయంకాలము కనబడినచో మరునాటి ఉదయము సూది వేయింపవలెను.

“ఆబోతు దాటిన కాలమున ఇన్ని లెక్కలు లేవు గదా, అయినను చూలు కట్టుచుండెను గదా” అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. ఆబోతు విడుచునవి వందల కోట్లు. అవి తాజా కణములు. మందతో తిరుగుచు, వాసన పట్టి, ఎద ముగియు వరకు అది పలుమారులు దాటును. ఒకమారు వేళ తప్పినను మరియొకమారు కుదురును. నాళికలోనివి రెండు కోట్లు. గడ్డకట్టి కరగునప్పటికి వాటిలో సగము మాత్రమే చురుకుగా నుండును, వాటి ఆయువు తాజా వాటికంటె తక్కువ. అది వచ్చునది ఒక్కమారు. ఆబోతు ముక్కుతో తెలిసికొనుచుండిన దానిని ఇప్పుడు ఇంటివారు కంటితో తెలిసికొనవలసి వచ్చినది.

ఎద గుర్తులు మీకు తెలియనివి కావు: మేత తగ్గుట, అరచుట, మాటిమాటికి మూత్రము పోయుట, గాజు తీగవలె స్వచ్ఛమైన మాచు వ్రేలాడుట. అన్నిటికంటె నమ్మదగినది, ఇతర పశువు మీదికి ఎక్కినపుడు కదలక నిలుచుట. ఒంగోలు జాతి ఆవులలో ఎద తక్కువ సేపుండుటయు, రాత్రివేళ వచ్చుటయు కలదు. గేదెలలో మూగ ఎద ఎక్కువ. వేసవిలో మరియు ఎక్కువ. అవి ఎక్కువగా అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు చూలు కట్టుచుండును. కనుక వేకువను ఒకమారు, రాత్రి పడుకొను ముందు ఒకమారు దొడ్డిలోనికి దీపముతో పోయి చూచుట మేలు. ఎద మొదట చూచిన వేళను వ్రాసి యుంచుడు. మార్కాపురపు పలక ఒకటి కొట్టపు గుంజకు వ్రేలాడగట్టినచో చాలును. సూది వేయువాడు వచ్చినపుడు “నిన్ననో మొన్ననో” అని చెప్పుటకంటె “తెల్లవారుజామున అయిదింటికి” అని చెప్పుట అతనికి సగము పని తగ్గించును.

ఎద గడచిన రెండవ దినమున కొన్ని ఆవులకు, ముఖ్యముగా పడ్డలకు, కొంచెము రక్తపు చారిక కనబడును. దీనిని చూచి చూలు పోయినదని ఏడ్చువారున్నారు, చూలు నిలిచినదని సంతోషించువారున్నారు. రెండును కావు, ఎద వేళ దాటిపోయినదని మాత్రమే దాని అర్థము. ఆనాడు సూది వేయించుట వృథా. మాచు చీమువలె తెల్లగా, మురికిగా నున్నచో గర్భసంచిలో పుండున్నదని తలచి ముందు వైద్యము చేయింపవలెను. ఈనిన పిమ్మట రెండు నెలలైనను గడువనీయవలెను. చూలుతోనున్న పశువులలో కొన్ని ఎదవలె కనబడును. పరీక్షింపక సూది వేసినచో ఉన్న చూలు పోవచ్చును. ఖనిజ లవణములు లేని ఒట్టి చొప్పతో బ్రతుకు పశువునకు ఎంత మంచి నాళిక తెచ్చినను లాభము స్వల్పము. సూది వేసిన పిమ్మట పశువును ఎండలో దూరము తోలక, కొట్టక, నీడను కట్టి నీరు పెట్టవలెను. అన్నియు కుదిరినను పదింట నాలుగైదుకు మించి మొదటి సూదికే నిలువవు. అది ఎవరి తప్పును కాదు.

ఆడదూడలే పుట్టు నాళికలు ఇటీవల వచ్చినవి. వాటివలన పదింట తొమ్మిది పెయ్యలు పుట్టును. కాని వాటిలో కణముల సంఖ్య మామూలు నాళికలో పదవ వంతో, కొంచెమధికమో మాత్రమే. కనుక మీరు ఎదను గడియలతో పట్టగలిగిన పశువునకే, ముఖ్యముగా ఆరోగ్యమైన పడ్డలకే, వాడుకొనుడు. జాతి విషయమున నా అభిప్రాయము ఇది: నీరు, పచ్చిమేత లేని చోట విదేశపు సంకరమునకు తొందరపడుట మంచిది కాదు. దుక్కికి, ఎండకు ఓర్చు ఒంగోలును ఆవులలోను, ముర్రాను గేదెలలోను నిలుపుకొనుటయే ఈ సీమకు తగును.

సూది వేసిన తేదీ నుండి పందొమ్మిదవ దినము మొదలు ఇరువది మూడవ దినము వరకు మరల ఎద గుర్తులు వచ్చునేమో కనిపెట్టి చూడుడు. రానంత మాత్రమున చూలు నిలిచినదని నమ్మరాదు; గేదెలలో మూగ ఎద మోసగించును. రెండు నెలలు దాటి మూడవ నెల నిండు లోపల పశువైద్యునిచే చేతి పరీక్ష చేయింపుడు. నిలిచినచో ఆవునకు సుమారు 285 దినములు, గేదెకు 310 దినములు లెక్కించి, ఈనుటకు రెండు నెలల ముందుగా పాలు పితుకుట మానుడు.